మాత్ర రాసిచ్చినా మళ్లీ రానివారు

వ్యాఖ్యాత: ఇప్పుడు హ్యూస్టన్ నుంచి ఒక శ్రోత లైనులో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. నేను ఇక్కడ ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్నాను. మెక్సికో, హోండురాస్‌ల నుంచి వచ్చి ఇళ్లకు పైకప్పులు వేసే యువకులు మా దగ్గరికి ఎక్కువగా వస్తారు. హెచ్.ఐ.వి. సోకకుండా ముందుగా వాడే ప్రెప్ మాత్రలు రాసిచ్చినా, మూడు నెలలకు చేయించుకోవలసిన పరీక్షకు చాలామంది తిరిగి రావడం లేదు. ఇది నిర్లక్ష్యమేనంటారా?

వైద్యురాలు: ఆ మాటను పక్కన పెడదామండీ. ప్రెప్ పనిచేస్తుందని 2010లో చూపించిన ఐప్రెక్స్ అధ్యయనంలో పాల్గొన్నవారిలో అత్యధికులు పెరూ, ఈక్వడార్, బ్రెజిల్ దేశాలవారే. అయినా 2022 అంచనాల ప్రకారం, అమెరికా జనాభాలో ఐదో వంతు కూడా లేని లాటినోలలోనే, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవారిలోనే, కొత్త ఇన్ఫెక్షన్లలో దాదాపు మూడో వంతు కనిపించాయి. మీ దగ్గరికి వచ్చే యువకుడు ఎక్కడ పడుకుంటాడో ఎప్పుడైనా అడిగారా? నలుగురైదుగురు బంధువులతో ఒకే గదిలో ఉండేవాడు మాత్రల డబ్బాను గదిలో పెడితే గుట్టు రట్టవుతుంది, ట్రక్కులో దాస్తే హ్యూస్టన్ ఎండకు మందు పాడవుతుంది. అటువంటివారికి రోజువారీ మాత్రకు బదులు రెండు నెలలకొకసారి వేసే కాబొటెగ్రావిర్ సూదిమందు గురించి, 2025 జూన్‌లో అనుమతి పొంది ఆరు నెలలకొకసారి వేస్తున్న లెనకపావిర్ గురించి తప్పక చెప్పండి. ఖరీదు మాత్రం బాగా ఎక్కువ; కాబట్టి సహాయ పథకాల దరఖాస్తును అతను కుర్చీలోంచి లేవకముందే నింపించండి.

శ్రోత: మొన్న ఒకతను బీరు తాగితే తప్ప నిద్ర పట్టడం లేదన్నాడండీ. దుబాసీగా అతని బావమరిదే వచ్చాడు.

వైద్యురాలు: బావమరిది ఎదుట ఏ మగవాడు తన పడక సంగతి, మనసు సంగతి విప్పి చెబుతాడండీ? ఫోనులోనైనా సరే, శిక్షణ పొందిన దుబాసీని పెట్టండి. మగవాడు దిగులుగా ఉందని చెప్పుకోవడానికి సిగ్గుపడి నిద్ర పట్టడం లేదనడం మన ఇళ్లలోనూ ఉన్నదే. గత రెండు వారాలలో దేనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా, మనసు కుంగిపోయిందా అని రెండు ప్రశ్నలు అడిగితే చాలావరకు బయటపడుతుంది. కుంగుబాటు ముదిరినవాడికి రోజూ మాత్ర వేసుకోవాలన్న పట్టింపు ఉండదు కనుక, కౌన్సెలరు దగ్గరికి చీటీ రాసి పంపడం కాకుండా, అప్పటికప్పుడు ఆమెనే గదిలోకి పిలిపించండి. అర్ధరాత్రి ప్రాణం విసిగిందనుకునేవాడికి ఆత్మహత్య ఆలోచనలున్నవారికి సాయపడే 988 ఫోను నంబరు ఇచ్చి, స్పానిష్ కోసం 2 నొక్కాలని చెప్పండి.

శ్రోత: వివరాలు రాయించమనగానే కొందరు వెనుదిరుగుతున్నారు.

వైద్యురాలు: ఆ వివరాలు ఎవరి చేతికి వెళతాయోనన్న భయం అది. ఏది ఎందుకు అడుగుతున్నారో, ఏది చెప్పకపోయినా పరవాలేదో వాళ్ల పేటలోని ప్రొమొతొరాలు, అంటే వాళ్లలో ఒకరైన ఆరోగ్య కార్యకర్తలు, ముందే నిజాయితీగా వివరించాలి. మీ కేంద్రం ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది?

శ్రోత: ఐదింటికి మూసేస్తారండీ.

వైద్యురాలు: ఐదింటికి అతనింకా నిచ్చెన మీదే ఉంటాడు. వారంలో ఒక్క రోజైనా ఎనిమిదింటిదాకా తెరవమని మీ మేనేజరును అడగండి, కౌన్సెలరును కూడా ఆ రోజే ఉంచమనండి.