ఆ బటన్ నొక్కింది ఎవరు?

సభలో ఉన్న పెద్దలకు నమస్కారం. బరంపురంలో తెలుగువాళ్లం కలిస్తే పద్యాల మీదో పాత కథల మీదో ప్రసంగం ఉంటుందనుకుని వచ్చినవాళ్లు నన్ను క్షమించాలి. నేను మాట్లాడబోయేది వీడియో గేమ్ గురించి. వెనక వరసల్లో ఉన్న కుర్రాళ్లకి ముందే చెబుతున్నాను, ఎండింగులన్నీ బయటపెట్టేస్తాను. ఇంకా ఆడనివాళ్లుంటే బయట టీ పోస్తున్నారు, వెళ్లి తాగి రండి.

స్టెల్త్ గేమ్ అంటే ఏమిటని ఇందాక ఒక మాస్టారు అడిగారు. సుందరకాండ మొదటి సగం అండీ. హనుమంతుడు పిల్లి అంత అయిపోయి, రాత్రిపూట, రాక్షసుల కంట పడకుండా లంకంతా వెతుకుతాడు చూడండి, అదే. కనబడితే పని చెడుతుంది. అశోకవనం పీకడం మొదలయ్యాక అది వేరే రకం ఆట. మా కుర్రాళ్లలో ఎక్కువమంది మూడో నిమిషంలోనే అశోకవనానికి వెళ్లిపోతారు, అది వేరే సంగతి.

ఈ రకం ఆటల్లో అందరూ చెప్పుకునే సిరీస్ మెటల్ గేర్. కొనామి కంపెనీలో హిడెయో కోజిమా 1987లో మొదలుపెట్టాడు. 1998లో ప్లేస్టేషన్ మీద మెటల్ గేర్ సాలిడ్ వచ్చాక లోకమంతా పాకింది. ఆడినవాళ్లు ఇప్పటికీ ముగింపుల మీద వాదించుకుంటూనే ఉన్నారు. రాయగడలో ఉండే మా పిన్ని కొడుకూ నేనూ పండక్కి కలిస్తే అరిసెలు చల్లారిపోయేదాకా ఇదే గొడవ.

నాకు ఈ పిచ్చి ఎక్కడ పట్టిందో చెబుతాను. 2006 ప్రాంతంలో మా వీధి దగ్గర సందులో ఒక గేమ్ పార్లర్ ఉండేది. మూడు టీవీలు, మూడు ప్లేస్టేషన్ 2లు, గంటకి 15 రూపాయలు. తెలుగు పిల్లలం, ఒడియా పిల్లలం కలిసే ఆడేవాళ్లం, తిట్లు మాత్రం ఎవరి భాషలో వాళ్లవి. అక్కడ మూడో భాగం ‘స్నేక్ ఈటర్’ నెలరోజులు ఆడాను. కథ 1964లో, అమెరికాకీ రష్యాకీ పడని రోజుల్లో. స్నేక్ అనే సిపాయికి విద్యంతా నేర్పిన గురువు ఒకామె, పేరు ది బాస్. ఆమె రష్యా వైపు ఫిరాయించింది, వెళ్లి చంపి రమ్మని స్నేక్‌కి ఆజ్ఞ. చివరి పోరు తెల్లపూల మధ్య, గడువు పది నిమిషాలు. ఆమె పడిపోయాక స్నేక్ తుపాకీ గురిపెట్టి నిలబడతాడు. అప్పటిదాకా సినిమాలా నడిచిన సీన్ అక్కడ ఆగిపోతుంది. ఎవరూ ఏమీ చెప్పరు, తెరమీద ఏమీ రాయరు. ఏమైందిరా, హ్యాంగ్ అయిందా అనుకున్నాను. కాసేపటికి అర్థమైంది, నొక్కాల్సింది నేనని. నొక్కాను.

నొక్కిన రెండు నిమిషాలకి కరెంటు పోయింది.

ద్రోహిని చంపానని సంతోషంగా ఇంటికి పోయాను. వారం తర్వాత అదే పార్లర్‌లో ఇంకో కుర్రాడు మిగతాది చెప్పాడు. ఆమె ద్రోహి కాదట. ఫిరాయించమన్నది ఆమె సర్కారే. పని చెడిపోయాక, అమెరికా మీద నింద పడకుండా శిష్యుడి చేతిలోనే చావమన్నారు. ఆ సంగతి స్నేక్‌కి ఒక టేపు ద్వారా, అంతా అయిపోయాక తెలుస్తుంది. చివర్లో ఆమె పేరైనా చెక్కని సమాధి ముందు నిలబడి సెల్యూట్ చేస్తాడు. నేను ఆ కుర్రాడితో పోట్లాడాను, అబద్ధమన్నాను. కథ బాగాలేక కాదు. సినిమాలో హీరో తప్పు చేస్తే హీరోని తిట్టి ఊరుకుంటాం. ఇక్కడ తిట్టుకోవడానికి నా బొటనవేలు తప్ప ఏమీ లేదు.

నా వాదనంతా ఇదే. ముగింపు బాగుందా లేదా అని కొట్టుకుంటున్నాం అనుకుంటాం. నిజానికి ఆ గొడవ, మన చేత్తో చేసిన పనిని ఆట లెక్కలో వేసిందా లేదా అని. అదే ఆటలో ఒక నది వస్తుంది. స్నేక్ ఆ నీళ్లలో నడుస్తుంటే, అంతవరకూ మనం చంపినవాళ్లందరూ దెయ్యాలై ఎదురొస్తారు. మత్తు తూటాలతో, ఓపిగ్గా, ఎవరినీ చంపకుండా వచ్చినవాడికి ఆ నది దాదాపు ఖాళీ. నాలాంటివాడికి జాతర. చిత్రగుప్తుడి చిట్టా అంటే విన్నాం గానీ, అందులో నడిచి దాటడం నాకు అదే మొదటిసారి.

మొదటి మెటల్ గేర్ సాలిడ్ ఈ లెక్క తప్పింది. అందులో అదే స్నేక్ పేరుతో ఉన్న వేరే సిపాయి‌ని కట్టేసి కరెంటు షాకులిస్తారు. బటన్ గబగబా నొక్కుతూ ఓర్చుకుంటే మెరిల్ అనే అమ్మాయి బతుకుతుంది, లొంగిపోతే చచ్చిపోతుంది. వేళ్లు వాచిపోయి లొంగిపోయినవాళ్లు ఎందరో. పదేళ్లకి, 2008లో, నాలుగో భాగం వచ్చింది. చూస్తే మెరిల్ బతికే ఉంది, పైగా పెళ్లి! లొంగిపోయినవాళ్లు పడ్డ బాధ అంతా కొట్టివేత. ఆ నాలుగో భాగం ముగింపైతే కంట్రోలర్ పక్కనపెట్టి గంటకి పైగా చూడ్డమే. మా గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం ఉంది కదా, మెట్ల వేదిక మీద హిరణ్యకశిపుడు రాత్రంతా ఎక్కి దిగుతుంటాడు. చివరికి ఏమవుతుందో చంటిపిల్లలకీ తెలుసు, అయినా కదలం. పొడవు మీద నాకు పేచీ లేదు. నాటకంలో నా చేతికి గద ఇచ్చి మధ్యలో లాక్కోలేదు, అంతే తేడా.

ఇక ఐదోది, ‘ది ఫాంటమ్ పెయిన్’, 2015. మూడో భాగంలోని స్నేక్‌కే తర్వాత బిగ్ బాస్ అని పేరు. ఇందులో మనం ఆ బిగ్ బాస్‌ని ఆడుతున్నాం అనుకుంటాం. చివర్లో తెలుస్తుంది, ఆడింది హీరోని కాదు, డూప్‌ని. హెలికాప్టర్‌లో అసలు బిగ్ బాస్ పక్కనున్న వైద్యుడికి ఆ ముఖం, ఆ జ్ఞాపకాలు అంటించి, శత్రువులు ఇటు తిరిగేలా ఎర వేశారు. ఆ పిన్ని కొడుకే, మా తమ్ముడు, డెబ్బై గంటలు ఆడి, కంట్రోలర్ మంచం మీద విసిరేసి నాకు ఫోన్ చేశాడు. “ఇన్నాళ్లూ నన్ను వెధవని చేశారు అన్నయ్యా” అన్నాడు. నేను ఒప్పుకోను. ఆ పనులు బిగ్ బాస్ ఏనాడూ చేయలేదు, నువ్వే చేశావు అని ఆట ఒప్పుకున్నది అక్కడే. మొదట్లో ఆసుపత్రి మంచం మీద మనచేత ఒక ముఖం తయారుచేయించింది కూడా అందుకే.

కానీ వాడి కోపంలో సగం న్యాయం. రెండో అధ్యాయంలో ఆడిన మిషన్లే కష్టం పెంచి మళ్లీ ఆడమంటుంది. ఎలై అనే కుర్రాడు పెద్ద యంత్రాన్ని ఎత్తుకుపోతాడు, ఆ కథ ముగియదు. ముగియాల్సిన 51వ మిషన్ పూర్తి కాలేదు, ఖరీదైన ఎడిషన్‌తో ఇచ్చిన డిస్క్‌లో సగం సగం వీడియోగా మాత్రం ఉంది. ఆ ఏడాది చివరికి కోజిమా కొనామి నుంచి బయటకి వచ్చేశాడు. ఇంకో మాట, ఇది మా తమ్ముడికి ఇంతవరకూ చెప్పలేదు. ఆ ట్విస్ట్‌ని నన్ను నమ్మించింది ఒక టేపు, నా వేలు కాదు. మూడో భాగంలో నేను నొక్కాను, ఇక్కడ విన్నాను. అందుకే తలకి ఎక్కింది గానీ కడుపులో దిగలేదు.

‘స్నేక్ ఈటర్’ని 2025 ఆగస్టులో కొత్త బొమ్మలతో మళ్లీ విడుదల చేశారు. మా ఇంట్లో యూపీఎస్ ఉంది ఇప్పుడు.

నా టైం అయిపోయినట్టుంది. మా తమ్ముడు రాయగడ నుంచి పొద్దున బండెక్కి వచ్చింది నన్ను ఖండించడానికే, అదిగో లేస్తున్నాడు. మైకు అటు ఇవ్వండి బాబూ.