మన పేగుల్లోకి మిరప వైరస్ ఎలా వచ్చింది?

అందరికీ నమస్కారం. ఇవాళ మాట్లాడుకోబోయేది మలంలో కనిపించే వైరస్‌ల గురించి. భోజనం చేస్తూ ఫోన్ చూస్తున్నవాళ్లు తిన్నాక చూడండి.

ముందు ఒక లెక్క. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలాన్ని ఎండబెట్టి తూచితే, ఒక్క గ్రాములో 100 కోట్ల దాకా వైరస్ కణాలు ఉండొచ్చు. ఒకే రకం వైరస్‌వి. పైగా అది మనిషి జబ్బు కాదు, మిరప మొక్క జబ్బు. దాని పేరు పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్. ఇది సోకిన మొక్క ఆకుల మీద లేత పసుపు మచ్చలు పడతాయి, కాయలు గిడసబారతాయి.

ఈ సంగతి 2006లో బయటపడింది. శాన్‌డియెగో, సింగపూర్ పరిశోధకులు కలిసి మలంలోని ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ల (డీఎన్‌ఏకు బదులు ఆర్‌ఎన్‌ఏలో జన్యు సమాచారం ఉండేవి) జన్యువులను చదివారు. అంతకుముందు ఎక్కువగా డీఎన్‌ఏ వైరస్‌లనే చూశారు కాబట్టి, బ్యాక్టీరియాకు సోకే ఫేజ్ అనే వైరస్‌లే ఎక్కువగా కనిపించేవి. ఈసారి గుర్తుపట్టగలిగిన వాటిలో అత్యధిక భాగం మొక్కల వైరస్‌లే! పరీక్షించిన వాళ్లలో మూడింట రెండొంతుల మందిలో ఈ మిరప వైరస్ దొరికింది. ఎక్కణ్నుంచి వచ్చిందా అని వెతికితే, మిరపతో చేసిన సాసుల్లో, పొడుల్లో కనిపించింది. అంటే తిండితో లోపలికి వెళ్లి, అలాగే బయటికి వస్తోంది.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది దీని తర్వాతి ప్రయోగం. ఆ మలంలోంచి తీసిన వైరస్‌ను మిరప మొక్కల ఆకులకు రుద్దారు. మొక్కలకు తెగులు వచ్చింది. పొడి కోసం కాయను ఎండబెట్టారు, నూరారు, ఆపైన వైరస్ కడుపులో ఆమ్లాన్ని, పేగుల్లో ఎంజైములను దాటింది. అయినా చావలేదు.

అంత మొండితనం దాని కట్టడంలోనే ఉంది. పొడవు సుమారు 300 నానోమీటర్లు, సన్నటి కడ్డీ. మధ్యలో ఆర్‌ఎన్‌ఏ పోగు, దాని చుట్టూ వేలాది ప్రోటీన్ ముక్కలు కండెకు నూలు చుట్టినట్టు బిగుతుగా అమరి ఉంటాయి. పొగాకు మొజాయిక్ వైరస్ కూడా ఈ కుటుంబమే. అది ఎండిన ఆకులో దశాబ్దాలు బతికి ఉంటుంది. పొగాకు పట్టుకున్న చేతులతో మిరప నారు ముట్టుకోవద్దని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే.

మరి మనకేం కాదా? టెన్షన్ పడాల్సిన పని లేదు, కారణం చెప్తాను. మనకు జబ్బు చేసే వైరస్‌లు మన కణం పైనున్న ప్రోటీన్లను పట్టుకుని లోపలికి దూరతాయి. మొక్క వైరస్‌కు ఆ పట్టు లేదు. మొక్కలోనైతే కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది, ఆకు నలిగినప్పుడో, గీసుకుపోయినప్పుడో ఆ గాయంలోంచి దూరుతుంది. తర్వాత కణానికీ కణానికీ మధ్య ఉండే సన్నటి దారుల్లో పాకుతుంది. మన ఒంట్లో అలాంటి దారులు లేవు.

2010లో ఫ్రాన్స్‌లోని మార్సెయి నుంచి ఒక పరిశోధన వచ్చింది. 304 మంది పెద్దవాళ్లను పరీక్షిస్తే దాదాపు 7 శాతం మందిలో ఈ వైరస్ ఉంది. వాళ్లలో కడుపునొప్పి, జ్వరం, దురద కాస్త ఎక్కువగా కనిపించాయి. ఆ రెండింటినీ ముడిపెట్టి భయపెట్టడం నాకు నచ్చదు. ఈ వైరస్ ఒంట్లోకి వచ్చేదే కారంతో. కారం ఎక్కువైతే కడుపు మండుతుందని మనకు వేరే చెప్పాలా? నొప్పి వైరస్ వల్లో కారం వల్లో ఆ లెక్కలు తేల్చలేవు.

దీనివల్ల మనకు జరిగిన మేలు మాత్రం పెద్దది. 2009లో అమెరికాలో మురుగునీటిని పరీక్షిస్తే, శుద్ధి చేయని నీరు ఒక్క మిల్లీలీటరులో ఈ వైరస్ జన్యువులు పది లక్షలకు పైగా తేలాయి. జబ్బులున్నా లేకున్నా, ఏ కాలంలోనైనా ఉంటుంది కాబట్టి నీళ్లలో మనిషి మలం కలిసిందో లేదో చెప్పడానికి ఇది మంచి గుర్తు అయింది. కోవిడ్ రోజుల్లో మురుగునీటిలో కరోనా జన్యువులను లెక్కించినప్పుడు ఇదే కొలబద్ద. వాన పడితే మురుగు పలచబడుతుంది, కరోనా జన్యువులు తగ్గినట్టు కనిపిస్తాయి. నిజంగా తగ్గాయా, నీళ్లు కలిశాయా? మిరప వైరస్ కూడా అదే మేర తగ్గితే, నీళ్లు కలిసినట్టే. ఈ పోలిక ఎన్నో దేశాల ల్యాబుల్లో వాడారు. మన హైదరాబాద్‌లో 2020 ఆగస్టులో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ), ఐఐసీటీ (రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మురుగునీటిలో కరోనా జన్యువులను లెక్కించి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి కరోనా సోకి ఉంటుందని అంచనా వేశారు. ఇంటింటికీ వెళ్లి ముక్కులో పుల్ల పెట్టకుండానే ఊరంతటి ఆరోగ్యం తెలుస్తుంది. ఈ పని ఒక్క మహమ్మారితో ఆగిపోకుండా ప్రతి పట్టణంలోనూ ఏడాది పొడవునా జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

రైతులకు ఒక మాట. ఈ మిరప వైరస్ విత్తనం పైపొరను అంటుకుని కూడా వస్తుంది. తెల్లదోమ మోసుకొచ్చే జెమినీ వైరస్ (ఆకుముడత తెగులు తెచ్చేది) వేరు, ఇది వేరు, దీనికి పురుగుమందు కొట్టి లాభం లేదు. విత్తే ముందు లీటరు నీటికి 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ కలిపి, గింజలను 20 నిమిషాలు నానబెట్టండి. తర్వాత మంచినీళ్లతో రెండుమూడుసార్లు కడిగి, నీడలో ఆరబెట్టి నారు పోసుకోండి.