ఒకరు రాసిన నలుగురి కథ

సభకు నమస్కారం.

ఇండీ రాక్ బ్యాండ్లలో యౌవనం గడిపినవారు రాసిన ఆత్మకథలు ఈ ఇరవై ఏళ్లలో వరసగా వెలువడ్డాయి. అమెరికాలో డీన్ వేర్‌హమ్ 2008లో, క్రిస్టిన్ హెర్ష్ 2010లో, బాబ్ మోల్డ్ 2011లో, కిమ్ గార్డన్, క్యారీ బ్రౌన్‌స్టీన్ 2015లో తమ జ్ఞాపకాలను ప్రచురించారు. ఇంగ్లండులోనైతే ఒకే బ్యాండుకు చెందిన ముగ్గురు విడివిడిగా పుస్తకాలు రాశారు. ఇలాంటి పుస్తకాలను కీర్తి, వ్యసనం, పతనం, కోలుకోవడం అనే వరసలో చదవడం పాఠకులకు అలవాటైపోయింది. నేను వాటిలో వెతికేది మరొకటి. బ్యాండ్ నలుగురికీ చెందిన ఉమ్మడి ఆస్తి. ఆత్మకథ ఒక్కరి స్వార్జితం. నలుగురు కలిసి కట్టుకున్నదాన్ని, నలుగురూ కలిసి పాడుచేసుకున్నదాన్ని ఒక్కరే ఎలా చెప్పగలరు, అలా చెప్పే హక్కు వారికి ఎంతవరకు ఉంది అన్న ప్రశ్న ఈ పుస్తకాలన్నిటినీ వెంటాడుతూనే ఉంటుంది. ఈ సాయంత్రం ఆ ప్రశ్న గురించే మాట్లాడతాను.

ఈ బ్యాండ్లు పెద్ద రికార్డు కంపెనీలకు బయట, చిన్న స్వతంత్ర లేబుళ్ల చుట్టూ పెరిగాయి. లండన్‌లో రఫ్ ట్రేడ్, మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీ 1978లో లేబుళ్లుగా మొదలయ్యాయి. వాషింగ్టన్‌లో ఇయన్ మెకై, జెఫ్ నెల్సన్ 1980లో డిస్కార్డ్‌ను స్థాపించారు. పెద్ద కంపెనీల ఒప్పందాలు షరతులతో నిండి ఉండే ఆ కాలంలో, ఖర్చులు పోగా మిగిలిన లాభాన్ని బ్యాండుతో సగం సగం పంచుకునే పద్ధతిని ఫ్యాక్టరీ పాటించింది. మెకై ఆ తరవాత నడిపిన ఫ్యుగాజీ బ్యాండ్, టికెట్ ధర సాధ్యమైనంతవరకు 5 డాలర్లు దాటకూడదని, ఏ వయసు వారినైనా లోపలికి రానివ్వాలని పట్టుబట్టింది. ఈ నియమాలు ఎవరో ఒక్కరి ఆదర్శంగా పుట్టి ఉండవచ్చు గాని, వాటి భారం మోసింది మాత్రం బ్యాండులోని అందరూ. చవక టికెట్టు పెట్టాలన్న నిర్ణయానికి డ్రమ్మరు ఇంటి అద్దె కూడా ముడిపడి ఉంటుంది.

వేదిక మీద గడిపేది గంట. మిగతా సమయమంతా వ్యానులో, ఎవరో పరిచయస్థుల ఇంటి నేల మీద, సౌండ్‌చెక్ కోసం ఎదురుచూపుల్లో గడిచిపోతుంది. అందువల్ల ఈ ఆత్మకథల్లో సంగీతం కన్నా ప్రయాణం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అది సహజం కూడా. కాలిఫోర్నియాలోని శాన్ పెడ్రోకు చెందిన మినిట్‌మెన్ బ్యాండ్ తమ సామాను తామే మోసుకుంటూ, తమ వ్యాను తామే నడుపుకుంటూ, తక్కువ ఖర్చుతో బతకడాన్ని ఒక సిద్ధాంతంగా మార్చుకుంది. ఆ బ్యాండ్ గాయకుడు డి. బూన్ 1985 డిసెంబరు 22న ఆరిజోనాలో వ్యాను ప్రమాదంలో చనిపోయారు; అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు. ఆ ఒక్క మరణంతో బ్యాండే లేకుండా పోయింది, ఎందుకంటే ఆయన స్థానంలో మరొకరిని నిలబెట్టడం మిగిలిన ఇద్దరికీ ఊహకు కూడా అందని పని. బ్రౌన్‌స్టీన్ తన కథను 2006లో బ్రస్సెల్స్‌లో, టూర్ మధ్యలో సర్పి వచ్చి శరీరం ఎదురుతిరిగిన సందర్భంతో మొదలుపెడతారు. ఒకరి నరాల్లో మంట పుడితే ముగ్గురి బ్యాండు, స్లీటర్-కిన్నీ, ఆగిపోతుంది. ఆ అనుబంధం ఎంత బలమైనదో, ఎంత బెదురు పుట్టించేదో ఆ ఆరంభ పుటల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

డబ్బు గురించి నేను కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్నేహాలు చెడిపోయిన చోట తరచుగా ఒక లెక్కల పుస్తకం తెరిచి ఉంటుంది. రికార్డింగ్ ఇంజనీరు, సంగీతకారుడు స్టీవ్ ఆల్బినీ 1993లో ఒక వ్యాసంలో ఊహాత్మకమైన బ్యాండును తీసుకుని లెక్క వేసి చూపించారు. అది పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకుని, రెండున్నర లక్షల రికార్డులు అమ్మిన బ్యాండు. కంపెనీకి 7,10,000 డాలర్లు మిగులుతాయి. బ్యాండులో ఒక్కొక్కరికి దాదాపు 4,000 డాలర్లు. కారణం సులువుగానే అర్థమవుతుంది: అడ్వాన్సు అనేది బహుమతి కాదు, రాబోయే రాయల్టీలోంచి తిరిగి తీసుకునే అప్పు. స్టూడియో, వీడియో, టూర్ ఖర్చుల్లో చాలా భాగం బ్యాండు ఖాతాలోనే పడుతుంది, నిర్మాత, మేనేజరు, లాయరు తమ వాటాలు ముందే అందుకుంటారు.

దీనికన్నా సూక్ష్మమైన విషయం పాట ఎవరిదన్నది. రికార్డు అమ్మకం మీద వచ్చే రాయల్టీ వేరు, పాట రాసినవారికి దక్కే రాయల్టీ వేరు. రెండోది పేరు నమోదైనవారికే వెళ్తుంది. గదిలో నలుగురు కూర్చుని గంటలకొద్దీ వాయించగా పుట్టిన పాటకు మాటలు, రాగం ఇచ్చినవారే కర్తలని రాసుకుంటే, ఆ పాటకు ఊపిరి పోసిన బేస్ వరసకు గాని, డ్రమ్ముల నడకకు గాని కాగితం మీద విలువ ఉండదు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ పట్టణానికి చెందిన ఆర్.ఈ.ఎం. బ్యాండ్ ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టి, తమ పాటలకు నలుగురి పేర్లూ కలిపి పెట్టుకుంది. 1997లో డ్రమ్మర్ బిల్ బెర్రీ తప్పుకున్నా, 2011 వరకు ఆ బ్యాండ్ నిలవడానికి ఆ పద్ధతి కూడా ఒక కారణమని నా నమ్మకం. మిన్నెసోటాకు చెందిన హుస్కర్ డూలో ఇందుకు భిన్నంగా జరిగింది. అక్కడ బాబ్ మోల్డ్ పాటలు మోల్డ్‌వి, గ్రాంట్ హార్ట్ పాటలు హార్ట్‌వి. ఆ పోటీ వల్ల అద్భుతమైన రికార్డులు వచ్చాయన్నది నిజం; 1988 కల్లా బ్యాండ్ విడిపోయిందన్నది కూడా అంతే నిజం. మోల్డ్ పుస్తకాన్ని నేను గౌరవిస్తాను. అయినా హార్ట్ గురించిన పుటలు చదివేటప్పుడు, 2017లో కన్నుమూసిన ఆయన తన వైపు నుంచి ఏం చెప్పి ఉండేవారోనన్న ఆలోచన లేకుండా ముందుకు సాగలేకపోయాను.

ఒకే జీవితానికి మూడు సాక్ష్యాలు దొరికే అరుదైన సందర్భం జాయ్ డివిజన్‌ది, దాని గాయకుడి మరణం తరవాత మిగిలినవారు కొనసాగించిన న్యూ ఆర్డర్‌ది. పీటర్ హుక్ జాయ్ డివిజన్ జ్ఞాపకాలు 2012లో, బెర్నార్డ్ సమ్నర్ పుస్తకం 2014లో, స్టీఫెన్ మారిస్ తొలి సంపుటం 2019లో వచ్చాయి. హుక్, సమ్నర్ బడి రోజుల నుంచి స్నేహితులు. 1976 జూన్ 4న మాంచెస్టర్‌లో జరిగిన పంక్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ కచేరీకి ఇద్దరూ వెళ్లి, బ్యాండు పెట్టాలన్న పట్టుదలతో తిరిగి వచ్చారు. ఆ కచేరీకి వచ్చింది కొద్దిమందే అయినా, మేమూ అక్కడ ఉన్నామని చెప్పుకున్నవారు ఆ తరవాత ఎన్నో రెట్లయ్యారని ప్రసిద్ధి. జ్ఞాపకం మీద ఆధారపడే ఏ రచనకైనా ఇది వర్తించే హెచ్చరిక. అమెరికా టూరుకు బయలుదేరవలసిన ముందురోజు, 1980 మే 18న, వారి గాయకుడు ఇయన్ కర్టిస్ 23 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన పాటల్లోని మాటలను ఆ రోజుల్లో శ్రద్ధగా పట్టించుకోలేదని మిగిలినవారు తరవాత అంగీకరించారు. ఆ దుఃఖం ముగ్గురిదీ ఒకటే. దాని చుట్టూ అల్లుకున్న కథ మాత్రం ఒక్కొక్కరి దగ్గర ఒక్కో రకంగా ఉంది. హుక్ కథలో వెక్కిరింతలు, తగాదాలు, డబ్బు లెక్కలు ఎక్కువ. బ్యాండు, ఫ్యాక్టరీ కలిసి 1982లో తెరిచిన హాసియెండా క్లబ్బు 1997లో మూతపడేదాకా వారి సంపాదనను ఎలా మింగిందో ఆయన 2009లోనే ఒక పుస్తకమంతా రాశారు. సమ్నర్ మితభాషి, ఆత్మరక్షణ కూడా ఎక్కువే. ఆ ఇద్దరి మధ్య విభేదం పుస్తకాలతో ఆగలేదు: హుక్ 2007లో న్యూ ఆర్డర్ నుంచి విడిపోయారు, 2011లో మిగిలినవారు ఆయన లేకుండానే మళ్లీ మొదలుపెట్టారు, 2015లో ఆయన కోర్టుకెక్కారు, 2017లో రాజీ కుదిరింది. డ్రమ్మరు మారిస్ ఆ గొడవకు కాస్త దూరంగా నిలబడి రాయడం వల్ల, ఆయన పుటల్లో ఆ ఇద్దరి మీదా ప్రేమ కనిపిస్తుంది. ఈ మూడింటిలో ఏది సత్యమని అడిగేవారికి నా దగ్గర తీర్పు లేదు. మూడూ చదివితే మాత్రం ఆ రిహార్సల్ గదిలో నిలబడిన అనుభూతి కలుగుతుంది.

క్రిస్టిన్ హెర్ష్ ఈ చిక్కును వేరే దారిలో ఎదుర్కొన్నారు. త్రోయింగ్ మ్యూజెస్ బ్యాండ్ తొలి రోజుల్లో, పద్దెనిమిదేళ్ల వయసులో తాను రాసుకున్న డైరీని ఆధారం చేసుకుని పుస్తకం రాశారు. అందువల్ల అందులో తరవాతి కాలపు ఫిర్యాదులకు చోటు దొరకలేదు. కిమ్ గార్డన్ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. 1981లో మొదలైన సోనిక్ యూత్ 2011 నవంబరులో బ్రెజిల్‌లో ఇచ్చిన చివరి కచేరీతోనే ఆమె పుస్తకం తెరుచుకుంటుంది. భర్త థర్‌స్టన్ మూర్‌తో వివాహం అప్పటికే చెదిరిపోయింది. పాఠకుడు ముగింపును ముందే చూసి, ముప్పై ఏళ్ల కథను ఆ వెలుతురులోనే చదువుతాడు. మూర్ తన జ్ఞాపకాలను 2023లో ప్రచురించారు. అందులో సంగీతం గురించి విస్తారంగా, విడాకుల గురించి చాలా తక్కువగా ఉంది. ఆ నిశ్శబ్దం హుందాతనమా, తప్పించుకోవడమా అన్నది పాఠకులు ఎవరికి వారు తేల్చుకోవలసిందే. నాకు గార్డన్ పుస్తకమే ఎక్కువ నిజాయితీగా అనిపించింది.

చివరగా గ్యాలక్సీ 500. డీన్ వేర్‌హమ్, డేమన్ క్రుకౌస్కీ, నయోమీ యాంగ్ న్యూయార్క్‌లో ఒకే బడిలో చదివి, హార్వర్డ్‌కు వెళ్లి, 1987లో బ్యాండు పెట్టారు. 1988 నుంచి 1990 దాకా ఏడాదికొక ఆల్బం చొప్పున మూడు తెచ్చారు. ముగ్గురిలో ఇద్దరు దంపతులైతే, ఓటు వేసిన ప్రతిసారీ మూడో మనిషి ఒంటరివాడయ్యే అవకాశం ఉంటుంది. వేర్‌హమ్ తన ఇరుకును దాచకుండా రాశారు, మిగిలిన ఇద్దరికి అది ద్రోహంగా తోచి ఉంటుందన్న స్పృహ కూడా ఆ రాతలో ఉంది. 1991లో ఆయన బయటికి వచ్చారు. అదే ఏడాది వారి లేబుల్ రఫ్ ట్రేడ్ దివాలా తీసింది. వేలానికి వచ్చిన మాస్టర్ టేపులను, అంటే తమ పాటల అసలు రికార్డింగులను, క్రుకౌస్కీ కొన్నారు. వేర్‌హమ్ లూనా అనే బ్యాండుతో, ఆ దంపతులు తమ ఇద్దరి పేర్లతోనే వేరు దారులు పట్టారు. ముగ్గురూ మళ్లీ కలిసి వాయించలేదు. అయినా 2024లో, ఆ మూడేళ్లలో న్యూయార్క్‌లోని నిర్మాత క్రేమర్ స్టూడియోలో చేసిన రికార్డింగులను ఒక సంకలనంగా వెలువరించారు. ఆ పుస్తకాన్ని, ఈ సంకలనాన్ని పక్కపక్కన పెట్టుకుని గడిపాను. పుస్తకంలో ఎవరి మాట ఎవరిదో తేటగా తెలుస్తుంది; టేపుల్లో గిటారు ఎక్కడ ఆగి డ్రమ్ములు ఎక్కడ అందుకున్నాయో విడదీయడం నావల్ల కాలేదు.

ఇక మీ ప్రశ్నలు వింటాను.