కొడైకానల్ సరస్సు: చరిత్ర, చూడదగినవి – శ్రోతలతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. వేసవిలో కొడైకానల్ వెళ్లాలనుకునే నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారి సందేహాలు తీర్చడానికి, భూగోళశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకులు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ కంభం నుంచి. చెప్పండి.

శ్రోత (కంభం): నమస్కారం మాష్టారూ. మా కంభం చెరువుకు కొండల నడుమ కట్ట వేశారని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. కొడైకానల్ సరస్సు సహజంగా ఏర్పడినదేనా?

అధ్యాపకులు: కాదండీ, అదీ మనుషులు కట్టినదే. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి మీ చెరువును సేద్యం కోసం నిర్మించారు. కొడైకానల్‌లో 1863లో మధుర (మదురై) కలెక్టరు వేర్ హెన్రీ లెవింజ్ కొండవాగులను ఆపి, పల్లపు నేలలో నీరు నిలిచేలా చేయించింది విహారం కోసం. పడవను తూత్తుకుడి నుంచి తెప్పించారట. అంతకు ముందే, 1845లో, మధురలో ఎండలకూ అంటురోగాలకూ తమవారిని పోగొట్టుకున్న అమెరికన్ మిషనరీలు దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తున్న ఈ పళని కొండల మీద ఇళ్లు కట్టుకున్నారు. ప్రాణాలు కాపాడుకోవడానికి వెతుక్కున్న చోటు తరువాత వేసవి విడిది అయింది. నక్షత్రం ఆకారంలో ఉండే ఈ సరస్సు సుమారు 60 ఎకరాలే. విస్తీర్ణంలో మీ చెరువు ముందు ఇది చాలా చిన్నది.

వ్యాఖ్యాత: కావలి నుంచి మరొకరు.

శ్రోత (కావలి): మా అత్తగారికి డెబ్బై ఏళ్లండీ, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. ఒక్క రోజులో పన్నెండు చోట్లు చూపిస్తామని ట్రావెల్స్ వాళ్లు అంటున్నారు. వెళ్లవచ్చునా?

అధ్యాపకులు: తప్పకుండా వెళ్లండమ్మా, కానీ ఆ పన్నెండు చోట్ల లెక్క మాత్రం వదిలిపెట్టండి. కారు దిగి ఫొటో తీసుకుని మళ్లీ ఎక్కడంతోనే పొద్దు గడిచిపోతుంది, పెద్దావిడకు అలసట తప్ప ఏమీ మిగలదు. రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి. సరస్సు చుట్టూ దారి సుమారు ఐదు కిలోమీటర్లు. ఉదయాన్నే, మంచు ఇంకా నీటిని అంటుకుని ఉండగా, ఆమె నడవగలిగినంత దూరం నడిపించి, ఒడ్డున కూర్చోబెట్టి, కాల్చిన మొక్కజొన్న పొత్తు ఒకటి చేతికి ఇవ్వండి. పక్కనే 1908లో వేసిన బ్రయంట్ పార్కు ఉంది. 1872లో కొండ అంచు వెంబడి వేసిన కోకర్స్ వాక్ కూడా కాలిబాటే కనుక మెల్లగా నడవవచ్చు. నాలుగు వందల అడుగుల ఎత్తున స్తంభాల్లా నిలిచిన పిల్లర్ రాక్స్ అనే శిలలను మబ్బు కమ్మిందంటే ఏమీ కనిపించదు కనుక అక్కడికి ఉదయమే వెళ్లండి. గుణ గుహల దగ్గర చెట్ల వేర్ల మీద నడవాలి, ఆ చోటు ఆమెకు వద్దు. మే నెలలోనూ రాత్రి చలిగా ఉంటుంది, స్వెట్టరు మరిచిపోకండి. సొంత వాహనమైతే బయలుదేరే ముందే ఆన్‌లైన్‌లో ప్రవేశ అనుమతి, అంటే ఈ-పాస్, తీసుకోవాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు అక్కడ అనుమతి లేదు.

వ్యాఖ్యాత: ఒంగోలు నుంచి ఒక ఉపాధ్యాయుడు మాట్లాడుతున్నారు.

శ్రోత (ఒంగోలు): మా ఉన్నత పాఠశాల పిల్లలను తీసుకువెళ్తున్నామండీ. వాళ్లకు చదువుకు పనికివచ్చేది ఏముంది?

అధ్యాపకులు: చాలా మంది దాటిపోయే సౌర పరిశోధనశాల ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. మన నెల్లూరు సీమను కూడా కుదిపేసిన 1876-78 నాటి ధాత కరువు తరువాత, వానలు ఎందుకు తప్పుతున్నాయో, సూర్యుడిలో జరిగే మార్పులకూ వాటికీ సంబంధం ఉందేమో తెలుసుకోవాలన్న ఆలోచన బలపడింది. ఆ ఆలోచన ఫలితంగానే 1899లో ఈ పరిశోధనశాల ఏర్పడి, 1901 నుంచి సూర్యుడి పరిశీలనలు మొదలయ్యాయి. సూర్యుడి మచ్చల అంచుల్లో వాయువులు బయటి వైపు ప్రవహిస్తున్నాయని 1909లో జాన్ ఎవర్‌షెడ్ కనుగొన్నది ఇక్కడి పరిశీలనలతోనే. అక్కడి మ్యూజియంలో ఎండ ఉన్నప్పుడు సూర్యబింబాన్నీ, నల్లని గీతలున్న వర్ణపటాన్నీ పిల్లలకు నేరుగా చూపించవచ్చు. కరువు కథ ముందే తరగతిలో చెప్పి తీసుకువెళ్లండి మాష్టారూ, అప్పుడే వాళ్లు ఆ బింబాన్ని శ్రద్ధగా చూస్తారు.

వ్యాఖ్యాత: చివరి ఫోన్ నెల్లూరు నుంచి.

శ్రోత (నెల్లూరు): కురింజి పూలు ఈ ఏడు చూడవచ్చా? పళని మొక్కు కూడా ఉందండీ.

అధ్యాపకులు: ఆ కొండలంతా నీలంగా మారేలా కురింజి పన్నెండేళ్లకు ఒకసారి పూస్తుంది. 2006లో, 2018లో పూసింది కనుక మళ్లీ 2030 వరకు ఆగాలి. అయితే 1936లో కట్టిన కురింజి ఆండవర్ ఆలయంలో కొలువైనది కూడా పళనిలోలాగే మురుగనే, అంటే మన సుబ్రహ్మణ్యస్వామే. మబ్బు లేని రోజు అక్కడి నుంచి పళని కొండ కనబడుతుంది. మీరు చెన్నై మీదుగా మధుర వైపు రైలెక్కి కొడైకానల్ రోడ్ స్టేషన్‌లో దిగితే, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు మీద సుమారు 80 కిలోమీటర్లు పైకి ప్రయాణం. తిరుగు ప్రయాణం మాత్రం రెండో వైపున్న దారిలో నేరుగా పళనికి దిగేలా పెట్టుకోండి, మొక్కూ తీరుతుంది, వచ్చిన దారినే వెనక్కి రానక్కర లేదు. భౌగోళిక గుర్తింపు పొందిన అక్కడి కొండ వెల్లుల్లి కొనాలంటే, దిగే ముందే కొనుక్కోండి.