సాయంత్రం గొడవకి మధ్యాహ్నం మందు

మతి తప్పుతున్న పెద్దల్ని ఇంట్లో చూసుకుంటున్న మీ అందరికీ నమస్కారం. ఈ విజయనగరంలో నేను నర్సుగా పనిచేసినన్నాళ్లూ ఇంటివాళ్ల నోట ఒకటే మాట విన్నాను: "పగలు బాగానే ఉంటాదమ్మా, పొద్దుగూకీసరికి మా అమ్మ మా అమ్మ కాదు." సంచిలో రెండు చీరలు కుక్కుకుని, "నాను కన్నోరింటికి ఎల్లిపోతాను" అని గుమ్మం పట్టుకుంటుంది. ఆ కన్నవారిల్లు కూలిపోయి ఏళ్లయింది. "ఇదే నీ ఇల్లు" అన్నామో, గొడవ రెట్టింపు.

వీధిలోవాళ్లు చాదస్తమంటారు, అసురసంధ్యలో గాలి సోకిందంటారు. విబూది పెట్టించండి, నాకేం అభ్యంతరం లేదు. డాక్టరుకీ చూపించండి. ఇది డిమెన్షియా, అంటే మతినీ జ్ఞాపకాన్నీ తగ్గించే మెదడు జబ్బు, కావచ్చు. ముసలితనమే కారణమైతే ముసలివాళ్లందరికీ రావాలి. 1906లో జర్మనీ డాక్టర్ ఆల్జీమర్ ఈ జబ్బులో ఒక రకం గురించి చెప్పినప్పుడు, ఆయన చూసిన రోగి యాభైల్లో ఉన్న మనిషి. పైగా థైరాయిడ్, బీ12 లోపం కూడా మతిమరుపు తెస్తాయి. వాటికి మందుంది.

సాయంత్రమే ఎందుకంటే, పగలేదో రాత్రేదో శరీరానికి చెప్పే చిన్న భాగం మెదడులో ఒకటుంది. డిమెన్షియాలో అదీ దెబ్బతింటుంది. దానికి రోజంతా పడ్డ అలసట తోడవుతుంది. మసక వెలుతురులో దండెం మీది పంచె మనిషిలా కనిపిస్తుంది. బీరువా అద్దంలో ఎవరో ముసలావిడ తనకేసి చూస్తూంటుంది. భయపడదా మరి?

అందుకే సాయంత్రం సంగతి మధ్యాహ్నమే చూసుకోవాలి. పొద్దుట కాసేపు ఎండలో కూర్చోబెట్టండి. మధ్యాహ్నం కునుకు అరగంట చాలు. భోజనం తర్వాత టీ, కాఫీ వద్దు. మన తూర్పు తీరంలో కార్తీకం నాటికి ఐదున్నర కాకుండానే సూర్యుడు దిగిపోతాడు, కాబట్టి చీకటి పడకముందే అన్ని గదుల్లో లైట్లు వెయ్యండి. అద్దం మీద గుడ్డ కప్పండి. సీరియల్లో ఏడుపులు ఆపండి (అవి మనకీ మంచివి కావు). చేతికి పనివ్వండి: చిక్కుడుకాయలు ఈనెలు తియ్యడం, పువ్వులు కట్టడం. వంకరగా కడితే కట్టనివ్వండి.

వెళ్లిపోతానంటే వాదించకండి. "మీ ఊళ్లో చెరువు ఎటేపుండేదమ్మా?" అనండి. చెప్పుకుంటూ వీధి చివరిదాకా నడిచి తీసుకురండి. ఇది అబద్ధమాడ్డం కాదా అని ఒకబ్బాయి అడిగాడు. పొలం రాయించుకోడానికి ఆడితే అబద్ధం నాయనా.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. రెండు మూడు రోజుల్లోనే మనిషి ఉన్నట్టుండి మారిపోతే అది వేరే సంగతి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, నీళ్లు తాగకపోవడం, చెప్పుకోలేని నొప్పి, వీటిలో ఏదైనా కావచ్చు. పెద్దవాళ్లకి ఒక్కోసారి జ్వరం కూడా రాదు. వెంటనే చూపించాలి. జలుబు, దురద మందుల్లో కొన్ని తికమకను పెంచుతాయి. నిద్రమాత్ర వేస్తే తూలి పడి తుంటి విరగ్గొట్టుకోవచ్చు. మనిషిని అణిచే మానసిక మందులతో డిమెన్షియా ఉన్న పెద్దలకి పక్షవాతం, మరణం ముప్పు పెరుగుతుంది. వాటిని డాక్టరు ఆలోచించి రాయాలి, మందుల షాపులో అడిగి తెచ్చుకోకూడదు.

సిరిమాను పండక్కి ఇంటినిండా చుట్టాలొస్తారు. "నన్ను గుర్తుపట్టావా?" అని పరీక్షలు పెట్టొద్దని వాళ్లకి ముందే చెప్పండి. "నేను మీ రెండో మేనకోడల్ని" అని తామే చెప్పాలి.

ఇక చాకిరీ సంగతి. హైదరాబాదు కొడుకు పొద్దుటే వీడియో కాల్ చేసి "అమ్మ బాగానే ఉందే!" అంటాడు. రోజంతా చేసిన కోడలికి ఆ మాట ఎలా ఉంటుందో ఆలోచించండి. అతన్ని సాయంత్రం ఆరింటికి ఫోన్ చెయ్యమనండి. ఏడాదిలో కొన్నాళ్లు వచ్చి ఉండమనండి. మీకే తట్టుకోలేనట్టుంటే మనసు బాధ చెప్పుకోడానికి ప్రభుత్వం వారి ఫోన్ సాయం టెలీ మానస్ 14416 ఉంది, పెద్దల సాయానికి ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

వచ్చే సమావేశానికి మీ పెద్దలు వేసుకునే మందులన్నీ, దగ్గు సిరప్‌తో సహా, ఒక సంచిలో వేసి తీసుకురండి. నేను మార్చను, ఆపను. డాక్టర్ని ఏమేం అడగాలో మాత్రం కాగితం మీద రాసిస్తాను.