కంచె ఇవతలి నుంచి విమానం

శ్రోతలకు నమస్కారం.

పాతకాలపు విమాన ప్రయాణాల గురించి ఎవరు మొదలుపెట్టినా లోపల కూర్చున్నవాళ్ల ముచ్చట్లే వినిపిస్తాయి. గాజు గ్లాసులు, మెత్తటి దిండ్లు, వేడివేడి భోజనం. అవన్నీ నిజమే. కానీ ఆ రోజుల్లో మనవాళ్లలో ఎక్కువమందికి విమానం ఎక్కేది కాదు, చూసేది. చప్పుడు వినిపించగానే కంచం ముందు నుంచి లేచి వాకిట్లోకి పరుగెత్తి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కనుమరుగయ్యేదాకా చూసేవాళ్లం. అందుకే ఈ పూట కింద నిలబడ్డవాళ్ల వైపు నుంచి మాట్లాడదామనుకుంటున్నాను.

హైదరాబాదువాళ్లకు ఈ చూసే భాగ్యం కాస్త ఎక్కువే. బేగంపేట విమానాశ్రయం ఊరి నడిబొడ్డున ఉండేది. కట్టినప్పుడు ఊరికి అవతలే కట్టారు, ఊరే పెరిగి దాన్ని లోపలికి తెచ్చుకుంది లెండి. రసూల్‌పురా మేడల మీద బట్టలు ఆరేసేవాళ్లకు విమానం కడుపు కింద చక్రాలు తెరుచుకోవడం కూడా కనిపించేది. ఆ చుట్టుపక్కల పిల్లలు చప్పుడు విని, ఇది ఆవ్రో, ఇది బోయింగ్ అని తల ఎత్తకుండానే చెప్పేవాళ్లు.

బేగంపేటకు సొంత విమాన సంస్థ కూడా ఉండేదని ఈ తరంవాళ్లకు తెలియదు. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. నడిపింది డకోటా విమానాలు. యుద్ధం అయిపోయాక సైన్యానికి అక్కర్లేని డకోటాలు చౌకగా దొరికాయి, దేశంలో సగం విమాన కంపెనీలు వాటి మీదే బతికాయి. డకోటా నేల మీద ఉన్నప్పుడు ముక్కు పైకి, తోక కిందికి ఉంటుంది. తలుపు వెనకవైపు. ఎక్కినవాళ్లు ఏటవాలుగా పైకి నడిచి సీటు చేరుకోవాలి. లోపల గాలి ఒత్తిడి నిలబెట్టే ఏర్పాటు దానికి లేదు, కాబట్టి మరీ ఎత్తుకు పోయేది కాదు. కిటికీలోంచి చెరువులు, వరి మళ్లు స్పష్టంగా కనిపించేవట. మబ్బు పట్టిన రోజున మాత్రం దాని పైనుంచి తప్పించుకునే దారి లేదు, కుదుపులు భరించాల్సిందే. సీటు దగ్గర పెట్టే కాగితం సంచి అలంకారానికి కాదు.

ఆ డెక్కన్ ఎయిర్‌వేస్‌లోనే ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ పైలట్‌గా చేరింది. 1947లో లైసెన్సు వచ్చింది, మన దేశంలో వాణిజ్య విమానాలు నడిపిన మొదటి మహిళ ఆవిడే. మిగతా కంపెనీలు ఆడమనిషిని విమానంలో చూస్తే ప్రయాణికులు భయపడతారని తలుపు వేస్తే, హైదరాబాదు తెరిచింది. పూర్తిగా తెరిచిందా అంటే లేదు. కో-పైలట్‌గా కావలసినన్ని గంటలు ఎగిరినా కెప్టెన్ సీటు ఇవ్వలేదు. ఆవిడ 1949లో జాతీయ విమాన పందెం గెలిచి చూపించింది. ఇన్ని విగ్రహాలున్న ఊళ్లో బేగంపేట దారిలో ఆవిడ పేరుతో ఒక్క బోర్డు నా కంటపడలేదు.

1953 ఆగస్టు 1న డెక్కన్‌తో కలిపి ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి. తర్వాత నలభై ఏళ్లు దేశం లోపల ఎక్కడికి ఎగరాలన్నా దాదాపుగా అదే దిక్కు.

మనుషులు ఎగరలేదు గానీ ఉత్తరాలు ఎగిరాయి. 1949 జనవరి చివర్లో రాత్రి టపా విమానాలు మొదలయ్యాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు విమానాలు రాత్రి బయలుదేరి, అర్ధరాత్రి దాటాక నాగపూర్‌లో కలుసుకునేవి. అక్కడే సంచులు మార్చుకుని, తెల్లారేసరికి ఎవరి ఊరు వాళ్లు చేరేవారు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి ఉత్తరాలకు విమానం చార్జీ అంటూ విడిగా తీసుకోవడం కూడా మానేశారు. అంటే జన్మలో విమానం దగ్గరికి వెళ్లని రైతు రాయించుకున్న కార్డు ముక్క నాగపూర్ మీదుగా ఆకాశంలో ప్రయాణం చేసేది. ఆ విమానాల్లో కొద్దిమంది ప్రయాణికులు కూడా ఉండేవాళ్లు. మెయిల్ బస్తాల తర్వాతే వాళ్ల లెక్క.

ఇంకో సంగతి. 1967లో ఎయిర్ ఇండియా సాల్వడార్ డాలీ అనే పెద్ద చిత్రకారుడి చేత తన ప్రయాణికులకు కానుకగా పింగాణీ యాష్‌ట్రే ఒకటి గీయించుకుంది. ప్రతిఫలం ఏం కావాలంటే ఏనుగు పిల్ల కావాలన్నాడాయన. బెంగళూరు నుంచి గున్న ఏనుగును విమానంలో జెనీవాకు చేర్చారు. ఏనుగు కూడా ఎక్కింది, మనమే మిగిలాం.

ఇక మావాళ్లలో మొదట ఎక్కినవాడు మా చిన్న మామయ్య. డెబ్బైల్లో అమెరికాకు పై చదువుకు వెళ్లాడు. బేగంపేట నుంచి బొంబాయి, అక్కడి నుంచి లండన్ మీదుగా న్యూయార్క్. వెళ్లేది ఒక్కడు, సాగనంపడానికి మూడు అంబాసిడర్ కార్లు, వెనకాల స్కూటర్లు. ఆబిడ్స్‌లో కుట్టించిన సూటు మీద బంతిపూల దండలు. ఎండకు చెమట కారి కాలరంతా పసుపు రంగు. చొక్కా లోపలి జేబులో రిజర్వు బ్యాంకు అనుమతించిన ఎనిమిది డాలర్లు. ఆ రోజుల్లో అమెరికా వెళ్లే కుర్రాళ్లు చాలామంది అంతకు మించి పట్టుకెళ్లలేకపోయారు. అమ్మమ్మ ఆవకాయ జాడీ మూతికి గుడ్డ కట్టి, పైన మైనం పోసి, చేతిసంచిలోనే పెట్టించింది. ఎవరూ ఆపలేదు.

అందరం కంచె దగ్గర నిలబడ్డాం. మామయ్య ఎండలో విమానం దాకా నడిచి వెళ్లి, మెట్లెక్కి, పై మెట్టు మీద ఆగి చెయ్యి ఊపాడు. దాని కోసమే వచ్చాం అందరం. తలుపు మూశాక ఏ కిటికీ వాడిదో తెలియదు. "ఆ రెక్క దగ్గరిదే" అని మా పెద్దమ్మ తేల్చేసింది, ఇక అందరం ఆ కిటికీకే చేతులు ఊపాం. అమ్మమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, ఆ చప్పుడులో వినిపించదని తెలిసీ, "వేళకు తినరా" అని అరిచింది. విమానం కనిపించకుండా పోయాక కూడా కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత మగవాళ్లు కాఫీ అన్నారు, పిల్లలకు ఐస్‌క్రీములు. మూడు వారాలకు నీలం రంగు ఏరోగ్రామ్ ఉత్తరం వచ్చింది. క్షేమంగా చేరాను, జాడీ పగల్లేదు. చివర్లో ఇంకో వాక్యం: నాది అవతలివైపు సీటు, మీరెవరూ కనిపించలేదు.

అలా వెళ్లినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు తెచ్చిన ఎయిర్ ఇండియా భుజం సంచి ఆ ఇంటి హోదా. జిప్పు ఊడిపోయినా పారేయరు, పిన్నీసు పెట్టి బజారుకు తీసుకెళ్లేవాళ్లు. తలపాగా, మీసాలతో వంగి దండం పెట్టే మహారాజు బొమ్మ 1946లో ఎయిర్ ఇండియా అధికారి బాబీ కూకా ఆలోచనకు చిత్రకారుడు ఉమేశ్ రావు గీసిన గీత. విమానం మొహం చూడనివాళ్లు కూడా డాక్టర్ల గదుల్లో క్యాలెండర్ మీద ఆ మహారాజును చూసినవాళ్లే. 1971లో జంబో జెట్‌లు వచ్చాయి. మొదటిదానికి సామ్రాట్ అశోక అని పేరు పెట్టి, కిటికీల చుట్టూ రాజస్థానీ మహళ్లలో ఉండే గవాక్షాలు చిత్రించారు. అంత సొగసు మళ్లీ ఏ విమానం మీదా నేను చూడలేదు. 1978 జనవరి 1న ఆ విమానమే బొంబాయి తీరాన సముద్రంలో కూలి, అందులో ఉన్న 213 మందీ చనిపోయారు. ఆ రోజుల మీద ఎంత మోజున్నా ఇలాంటివి మరచిపోకూడదు. ఇప్పటి విమానాలు అప్పటికన్నా చాలా భద్రం.

ఉద్యోగంలో చేరాక నాకూ ఎక్కే అవకాశం వచ్చింది. చేత్తో రాసిన టికెట్టు, పేజీ వెనక ఎర్ర కార్బన్. విమానం మెట్ల పక్కన సూట్‌కేసులన్నీ ఎండలో వరసగా పెట్టి ఉండేవి. ప్రతి ప్రయాణికుడూ వెళ్లి తన పెట్టెను వేలితో చూపించాలి. చూపిస్తే సుద్దముక్కతో గీత గీసి లోపల వేస్తారు. చూపించకపోతే అది అక్కడే ఉండిపోతుంది. 1985లో ఎయిర్ ఇండియా కనిష్క విమానాన్ని పేల్చింది మనిషి ఎక్కకుండా ఎక్కించిన పెట్టెలోని బాంబే. ఆ తర్వాత ఈ పట్టింపు బాగా బిగిసింది. లోపలికి వెళ్లగానే ఎయిర్ హోస్టెస్ పళ్లెం పట్టుకొచ్చేది. అందులో చాక్లెట్లు, చెవుల్లోకి దూది. రెండు చాక్లెట్లు తీసుకోవడానికి మొహమాటం, తీసుకోకపోతే ఇంట్లో పిల్లలకు ఏం చూపిస్తాం? సిగరెట్లు తాగేవాళ్లకు వెనక వరసలు ఇచ్చేవాళ్లు. ఆ పొగకు వరసల లెక్క తెలియదు.

మామూలు జనానికి విమానాన్ని అందించింది 2003 తర్వాత వచ్చిన రూపాయి టికెట్టు అని అందరూ అంటారు. కెప్టెన్ గోపీనాథ్ పెట్టిన చౌక విమాన సంస్థ ఎయిర్ డెక్కన్ (పాత డెక్కన్ ఎయిర్‌వేస్ కాదు) చేసిన మేలును నేను తక్కువ చేయను. నీళ్ల సీసా కూడా కొనుక్కోవాల్సిన ఆ విమానంలో పులిహోర పొట్లాలు విప్పిన కుటుంబాలను నేనూ చూశాను. కానీ ఈ మాట నేను ఒప్పుకోను. అంతకు ఇరవై ఏళ్ల ముందే కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి మేస్త్రీలు, కూలీలు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి ఆడవాళ్లు గల్ఫ్ విమానాలు ఎక్కారు. వాళ్లలో చాలామంది బొంబాయి దాకా రైల్లో వెళ్లారు. ఏజెంటుకు కట్టడానికి పొలం తాకట్టు పెట్టారు. వాళ్లకు దండలు లేవు, మూడు కార్లు లేవు. ఊరి బస్టాండు దగ్గరే సాగనంపడం అయిపోయేది. బెల్టు పెట్టుకోవడం ఎలాగో పక్కవాణ్ని చూసి నేర్చుకున్నారు. విమాన ప్రయాణాల జ్ఞాపకాలంటూ ఎవరు రాసినా వీళ్ల మాట ఉండదు. తిరిగొచ్చేటప్పుడు వాళ్లు తెచ్చిన టూ-ఇన్-వన్ రేడియో టేప్‌రికార్డర్లు, మెత్తటి దుప్పట్లు మాత్రం ఊరంతా గుర్తుపెట్టుకుంది.

మధ్యలో ప్రైవేటు కంపెనీలు చాలానే వచ్చాయి. ఈస్ట్ వెస్ట్, దమానియా, మోడీలుఫ్ట్ తొంభైల్లోనే మాయమయ్యాయి. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ 2019లో నేలకు దిగాయి. 1981లో చిన్న ఊళ్ల కోసమని ప్రభుత్వమే పెట్టిన వాయుదూత్ రాజమండ్రి లాంటి చోట్లకు బుల్లి విమానాలు నడిపి, అదీ చేతులెత్తేసింది.

2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది, బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. అదే ఏడాది జూన్ నుంచి కాగితం టికెట్టు కూడా పోయింది. రెండూ కొద్ది వారాల తేడాలో. శంషాబాద్ గొప్పగా ఉంది, అందులో అనుమానం లేదు. టికెట్టు లేనివాణ్ని గుమ్మం దగ్గరే ఆపేస్తారు, భద్రత కోసం అది తప్పదు కూడా. సాగనంపడం ఇప్పుడు కారు డిక్కీ మూసేంతసేపే, వెనక కారువాడు హారన్ కొడుతుంటాడు.

శ్రోతలకు ఒక్క మనవి. మీ అటక మీద పాత విమానం సంచి, టికెట్టు, మహారాజు బొమ్మ ఉన్న మెనూ కార్డు ఏదైనా ఉంటే పాత సామాన్లవాడికి వేసేయకండి. దాని వెనక ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని పెన్సిల్‌తో రాసి ఇంట్లో పిల్లలకు ఇవ్వండి. టికెట్టు అయితే కాస్త జాగ్రత్త, ఆ ఎర్ర కార్బన్ ఇప్పటికీ వేళ్లకు అంటుతుంది.

నమస్కారం.