రిఫిఫీ రివ్యూ: అరగంట నోరు మెదపని దొంగలు

నమస్తే అండీ. ఈరోజు సినిమా 1955లో వచ్చిన ఫ్రెంచ్ క్లాసిక్ 'రిఫిఫీ'. బ్లాక్ అండ్ వైట్ అనగానే వీడియో మార్చేయకండి. ఒక్క సీన్ గురించి చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

జైలు నుంచి వచ్చిన టోనీ దగ్గుతో ఈడ్చుకొస్తున్న మనిషి. ఇంకో ముగ్గురితో కలిసి పారిస్‌లో ఒక నగల షాపుకి కన్నం వేస్తాడు. కన్నం అంటే నిజంగా కన్నమే. షాపు పైనున్న ఇంట్లో దూరి, నేల తవ్వి, కింద సీలింగ్‌లోంచి దిగుతారు. దాదాపు అరగంట సీన్ ఇది. ఒక్క డైలాగ్ లేదు, మ్యూజిక్ లేదు.

బెజ్జం పడగానే ఏం చేస్తారో తెలుసా? అందులోంచి ఒక గొడుగు దింపి తెరుస్తారు. ఇక రాలే పెళ్లలన్నీ ఆ గొడుగులోనే పడతాయి. అలారంలోకి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ నురగ కొడతారు, గంట గొంతు నొక్కేసినట్టు ఆగిపోతుంది. నేనైతే మధ్యలో లేచి మా ఫ్యాన్ ఆపేశాను, దాని చప్పుడుకి వీళ్లు దొరికిపోతారేమో అన్నంత టెన్షన్! జార్జ్ ఓరిక్ ఈ సీన్‌కి మ్యూజిక్ కట్టాడట కూడా. మ్యూజిక్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి వేసి చూపిస్తే, వద్దని ఆయనే అన్నాడట.

ఇక్కడ చిన్న స్పాయిలర్. ఇనప్పెట్టె తెరిచే సెజార్, క్లబ్‌లో పాడే అమ్మాయి మీద మోజుతో ఒక ఉంగరం నొక్కేస్తాడు. దాంతో గుట్టు బయటపడుతుంది. వేరే గ్యాంగ్ పట్టుకుంటే భయపడి తోటివాడి పేరు చెప్పేస్తాడు. ఆ వేషం వేసింది ఎవరనుకున్నారు? డైరెక్టర్ జూల్స్ డాసినే, పెర్లో వీటా అనే మారుపేరుతో. అమెరికాలో కమ్యూనిస్టుల వేట సాగిన రోజుల్లో తోటి డైరెక్టర్లే ఈయన పేరు చెప్పారు. హాలీవుడ్‌లో పని పుట్టక ఐరోపా వచ్చేశాడు. అలాంటి మనిషి, పేరు చెప్పేసినవాడి వేషం తనే కట్టాడు! అది తెలిశాక సెజార్, టోనీ ఎదురుపడే సీన్ మళ్లీ వెనక్కి తిప్పి చూశాను.

నచ్చనిది కూడా చెప్పాలి. మొదట్లో టోనీ తన పాత ప్రియురాలిని బెల్టుతో కొడతాడు. కెమెరా పక్కకి తిప్పినా, చప్పుడు వింటుంటే ఒళ్లు మండింది. ఆ తర్వాత అతని మీద జాలి పడమంటే నావల్ల కాలేదు. కేన్స్‌లో బెస్ట్ డైరెక్టర్ అవార్డు వచ్చిందిలెండి, నా కోపం ఎవరిక్కావాలి.

చివరి డ్రైవ్ గురించి మాత్రం చెప్పను. టాప్ లేని కారు, కౌబాయ్ వేషంలో ఒక పిల్లాడు, చేతిలో బొమ్మ తుపాకి. అంతవరకే.